మూడో లైన్ల ఐదో తరగతి పొల్ల

సూరత్, లింబాయత్
నవంబర్ ఆఖరు, 2021

అమ్మకు,

చెల్లె బడిల బెంచీలైతె సాలినన్ని ఉన్నయే. బెంచీలు తక్వై కాదు అందర్ని ఒక్క రూంల కూసుండబెట్టింది. నువ్వింక అడగలే గని అడుగుతవని ముందుగాల్నే చెప్తున్న.

సోమవారం బడి తెరిసిన్రు. చెల్లె విజ్జిని నేనే తోల్కపొయ్యిన. మాస్కు పెట్టుకోని నా చెయ్యి వట్టుకోని నడిసింది. రెండేండ్లాయె గదా, గేటు ఏ రంగుండెనో గూడ యాదికి లేదంటది. మన తెలుగు బడిల పిల్లలు మస్తు తక్వైన్రు. లాక్‌డౌన్ల ఊర్లకు పొయ్యినోళ్లు సగం మంది మర్లి రాలే. గందుకే మూడోది, నాలుగోది, ఐదోది ఒక్క రూంల కలిపిన్రు. సార్ గూడ ఒక్కడే. నర్సింగం సార్. బోర్డు మీద సుద్దతోని నిలువుగ గీతలు గీసి మూడు తుకుడలు జేసిండు. మొదటిదాంట్ల మూడోళ్ల పాఠం, నడుమ నాలుగోళ్లది, కిటికీ దిక్కు ఐదోళ్లది. పిల్లలు గూడ గట్లనే మూడు లైన్లు.

చెల్లె మంచిగనే ఉంది. ఏడ్వలే.

నువ్వు పైన ఊరి పేరు రాయుమన్నవని రాసిన. ఇది మెసేజ్ అమ్మా, ఉత్తరం కాదు. నా దోస్తులు సూస్తె నవ్వుతరు. అయినా రాస్త. ఫోన్ల మాట్లాడు మాట్లాడు అనకు. కార్ఖానల మషీన్ల సప్పుడుకు ఏం ఇనరాదు, ఇంట్లకొస్తె నాకు మాట రాదు. రాసుడే అలకగ ఉంటది నాకు.

బాపమ్మ కాలు ఎట్లుంది?

పరుశురాం


రామోజిపల్లె
డిసెంబర్ మొదలు

చిరంజీవి పరుశురాంకు మీ అమ్మ మంగ దీవించి రాసేది,

బాపమ్మ కాలు కట్టు ఇప్పిన్రు. గోడ వట్టుకోని ఆకిట్లదాక వస్తుంది. ముసల్దాన్ని ఒక్కదాన్ని ఇడిసిపెట్టి నేనెట్ల రావాలె? కాలు ఇరిగిందని మొన్న ఎండకాలం వచ్చినదాన్ని, గిన్ని రోజులైతదని అనుకోలే.

ఊరి పేరు ఎందుకు రాయుమన్ననంటె, మాకు ఏడోదాంట్ల సార్ గట్లనే నేర్పిండు. ఎవలు ఏడికెల్లి ఎవలికి రాస్తున్నరో లేకుంటె అది గాలి మాట అన్నడు. నవ్వేటోళ్లను నవ్వనియ్యి.

గిప్పుడు నా మాటిను. మూడు తరగతులు ఒక్క రూంలనా? ముగ్గురికీ ఒక్క సారా? అది బడా, అంగడా? నేను మూడు గిన్నెలు ఒక్క పొయ్యి మీద పెట్టి వండుతనా? అన్నం మాడుతది, పప్పు ఉడకది, చారు పొంగి పొయ్యే ఆరిపోతది. మూడోళ్లకు చెప్పినంత సేపు ఐదోళ్లు ఏం జెయ్యాలె? గోర్లు కొరుక్కుంట కూసుండాల్నా? విజ్జి వచ్చే యేడు ఆరుల పడ్తది. గిప్పుడు గాకుంటె ఇంకెప్పుడు సదువుతది?

మీ బాపు, మీ తాత, వాడకట్టుకు వాడకట్టు పొయ్యి సూరత్‌ల మషీన్లు నడిపితిరి. ఆ ఊరోళ్ల చీరలన్ని మనోళ్ల చేతుల మీదికెల్లి పోతయి. మన పిల్లలకు తరగతికో సార్ దొరకడా? ఉన్నోళ్ల పిల్లలనైతె గిట్ల కుప్పేస్తరా?

నువ్వు పో. సార్‌ను అడుగు. మా అమ్మ అడుగుమన్నది అను. సిగ్గు పడి గోడకు ఆనుకోని నిలబడకు. బాపును తోల్కపో.

మీ అమ్మ


సూరత్, లింబాయత్
డిసెంబర్

అమ్మకు,

పొయ్యిన. గేటుకాడ నిలబడ్డ. సార్ బయటికొచ్చి "ఏం తమ్మీ, ఎవలి కోసం" అన్నడు. "ఏం లేదు సార్" అన్న. మర్లొచ్చిన. నువ్వు తిడ్తవని ఎరుకే.

బాపును రమ్మంటె "మీ అమ్మ ఊర్లకెల్లే బడి నడిపిస్తదా? నడిపియ్యనియ్యి" అని ముసుగేసుకోని పన్నడు. రాత్రి పాళీ జేసొచ్చిండు మరి.

గని కిటికీలకెల్లి జూసిన. సార్ కూసోలే. ఈ లైన్‌కు లెక్కలు రాసిచ్చి ఆ లైన్‌కు పోతడు, ఆ లైన్‌కు పద్యం చెప్పి ఇటొస్తడు. నేను గూడ కార్ఖానల బట్ట నేసే మషీన్లు ఎనిమిది ఒక్కణ్ణే సూస్త గదా. పోగు తెగితె మషీన్ అదే ఆగుతది, నేను ఉరుకుత. పిల్లలైతె తెగినా ఆగరు. పుస్తకం తెరిసి కూసున్నట్టే ఉంటరు. గది సూస్తె సార్ మీద కోపం రాలే నాకు. ఒక్కణ్ణి పెట్టినోళ్ల మీద వచ్చింది.

నువ్వు ఫికర్ జెయ్యకు. విజ్జికి గిట్లనే మంచిగున్నది. బడి గంట కన్నా ముందుగాల్నే పోతుంది. జర ఊకో అమ్మా.

పరుశురాం


రామోజిపల్లె
డిసెంబర్

పరుశురాంకు,

ఊకోవాల్నా? ఎట్ల ఊకోవాలె?

సూరత్‌ల మన పక్కింటి స్వరాజ్యం ఫోన్ జేసింది. చీరలకు రాళ్లు అతికిచ్చుకుంట మాట్లాడ్తది గదా అది. బాపమ్మ ఎట్లుంది, సలి ఎట్లున్నది అని అడిగి అడిగి, నడుమ సల్లగ జారిడిసింది. "వదినా, మీ విజ్జి మూడోళ్ల లైన్ల కూసుంటుందటనే. మా పోరి చెప్పింది. ఎనుకంగ, మేకల నడుమ ఒంటెలెక్క కనవడ్తదట."

నా నెత్తిల మంట లేసింది. ఎవడు కూసుండబెట్టిండు దాన్ని ఆడ? మూడు తరగతులు కలిపితె గిదే అయితదని నేనన్ననా లేదా? ఆ సార్‌కు చిన్న పోరగాండ్లను సూసుకునుటానికి ఫుకట్‌ల ఆయమ్మ దొరికింది. ముక్కులు తుడిసే పనికి తోలిన్నా నా బిడ్డను?

గసోంటి ఇసోంటి పొల్లనా అది? పోయిన ఎండకాలం పాఠం సదివి వాయిస్ పంపలే? ఆగకుంట, తడవడకుంట? ఆకిట్ల ఫోన్ పెట్టి వాడకట్టంతకు ఇనిపిచ్చిన. అందరు "మంగా, నీ బిడ్డ రేడియోల సదివినట్టు సదువుతుంది" అన్నరు. లాక్‌డౌన్ల గూడ ఫోన్‌ల సూసుకుంట గంత సదువుకున్న పొల్లను తీస్కపోయి చిన్నోళ్లల్ల కూసుండబెడ్తరా?

నీకు నోరు లేదాయె. మీ బాపుకు ఓపిక లేదాయె. కుల సంఘం పెద్దమనిషి ఆగయ్య మామ ఉన్నడు గదా లింబాయత్‌ల. ఆయన మనుమడు ఓంకార్ గూడ ఐదో తరగతే. ఆయనకు ఫోన్ జేస్త. పది మందిని తోల్కపొయ్యి అడిగితె తెలుస్తది.

మీ అమ్మ


సూరత్
అదే రోజు

అమ్మా,

ఆగయ్య తాతకు ఫోన్ జెయ్యకు. నీ కాల్మొక్త.

విజ్జిని ఎవలు ఆయమ్మను జెయ్యలే. సార్ కూసుండబెట్టలే. అదే పొయ్యి కూసున్నది. ఎందుకంటె

ఆగు, మషీన్ ఆగింది. తర్వాత రాస్త.

ఏం లేదు. ఫోనైతె జెయ్యకు.


రామోజిపల్లె
జనవరి, 2022

పరుశురాంకు,

పండుగ నాడు గూడ ఒక్క ముక్క రాయలే నువ్వు. ఎందుకంటె అన్న కాడ ఆపినవు, ఎందుకో ఇప్పటిదాక చెప్పలే. నేనూ అడగ. నీ నోట్లకెల్లి మాట తీసుడు కన్నా బాయిలకెల్లి బొక్కెన తీసుడు నయం.

సంగతి ఇను. నువ్వొద్దన్నా ఆగయ్య మామకు ఫోన్ జేసి అంత చెప్పిన, మొన్న ఆయననే మళ్ల జేసిండు. మనోళ్లను పది పన్నెండు మందిని తోల్కపొయ్యి, బడి పెద్ద సార్‌నే కాదు, ఆయన మీది ఆఫీసుల గూడ అడిగిండట. "మా పిల్లలు గొర్లా? అన్నిటిని ఒక్క దొడ్డిల తోలుతరా? మా మషీన్లు ఆగితె మీ బజార్ ఆగుతది, యాది పెట్టుకోండ్రి" అన్నడట. ఆ సాహెబ్ చాయ్ తాపిచ్చి, ఒప్పుకున్నడట. ఐదోళ్లకు ఏరే రూము, ఏరే టీచరు. ఏ తరగతోళ్లు ఆ తరగతిలనే కూసోవాలె, ఒక్కరు గూడ అటిటు కావద్దు అని ఖరాఖండిగ చెప్పిచ్చిండట మామ.

"ఊర్లకెల్లి ఒక తల్లి ఫోన్ జేసి ఏడ్సింది" అని నా గురించి చెప్పిండట ఆడ. నేను ఏడ్వలే. కోపానికొచ్చిన. మగోళ్లకు రెండు ఒక్కతీర్గనే ఇనవడ్తయేమో.

గిప్పుడు మళ్ల రోగం పెరిగిందని బడి మూసిన్రట గదా. తెరవంగనే మన పని అయితది. సూసినవా, అడిగితె అయితది. అడగకుంటె మన బతుకు గంతే.

మీ అమ్మ


సూరత్, లింబాయత్
ఫిబ్రవరి

అమ్మకు,

బడి తెరిసిన్రు. ఐదోళ్లకు ఏరే రూం ఇచ్చిన్రు. కొత్త టీచరమ్మ వచ్చింది. నువ్వన్నట్టే అయ్యింది.

పరుశురాం


రామోజిపల్లె
ఫిబ్రవరి

పరుశురాంకు,

గంతేనా? గంత లొల్లి జేసి సాధిస్తె నాలుగు ముక్కలా?

టీచరమ్మ ఎట్లున్నది? మంచిగ చెప్తదా? విజ్జి ఖుషీ అయ్యిందా? దాన్ని కొత్త పాఠం సదివి వాయిస్ పంపుమను. బాపమ్మ గూడ అడుగుతుంది, "పొల్ల గొంతు ఇనక ఎన్ని దినాలాయెనే" అని. నేను ఫోన్ జేస్తె అది "ఊ", "ఆ" అని నీకిస్తది, నువ్వు బాపుకిస్తవు, బాపు పెట్టేస్తడు. ఏందిరా మీ ఇంటి కథ?

మీ అమ్మ


సూరత్, లింబాయత్
మార్చి

అమ్మకు,

విజ్జి బడికి పోతలేదు. పదిహేను రోజులు దాటింది.

పొద్దుగాల బ్యాగు ఏసుకోని ఎల్తది. స్వరాజ్యం అత్తోళ్ల ఇంట్లకు పోతది. చీరలకు రాళ్లు అతికిస్తది. బడి ఇడిసే యాల్లకు ఇంటికొస్తది. నాకు మొన్న తెలిసింది. దాని చేతి ఏళ్లకు గమ్ము అంటి తోలు లేసింది. అత్తను అడిగితె "ఏం జెయ్యాలె పర్శీ, బడికి పోనని ఏడుస్తుంది, రోడ్డు మీద తిరిగే బదులు నా కాడ కూసున్నది, చెయ్యి మంచిగ తిరిగింది దానికి" అంటది. చెయ్యి తిరిగిందట. దానికి పదేండ్లు.

ఎందుకు పోతలేదో చెప్త. నువ్వు అప్పుడే అడిగినవు. అప్పుడే చెప్తె అయ్యేది. నాకు చాతకాలే.

విజ్జికి సదువరాదు.

మూడోది అయిపోకముందే బడి మూసిన్రు యాదున్నదా? అప్పటికే దానికి ఒత్తులు రాకపోయేది. తర్వాత రెండేండ్లు ఏడ సదివింది? అప్పటికి నాకు ఫోన్ లేకుండె, ఇంట్ల ఒక్క ఫోను, అది బాపు జేబుల కార్ఖానకు పోయేది. ఆదివారం దొరికితె పాఠం వీడియో పెట్టుకోని ఇనేది. ఇని ఇని నోటికొచ్చింది. గదే నీకు వాయిస్ పంపింది. పుస్తకం సూసి సదివింది కాదు. నాకెరుకే. నువ్వు ఖుషీ అయితివి, నేను నోరు మూసుకున్న.

బడోళ్లు ఏం సూడకుంట మూడుకెల్లి నాలుగు, నాలుగుకెల్లి ఐదు తోసిన్రు. రోగమొచ్చిందని అందర్ని పాస్ జేసిన్రు. మరి సదువు గూడ అదే వస్తదా అమ్మా పాస్ జేస్తె?

నవంబర్ల బడి తెరిసినంక, ఐదో లైన్ల దానికి ఏం సమజ్ కాలే. పక్కకు జూస్తె బోర్డు మీద మూడోళ్ల పాఠం. అది సమజైంది. రెండో రోజు లేసి పొయ్యి మూడోళ్ల ఎనుక కూసున్నది. ఎవలు ఏమనలే. చిన్న పోరగాండ్లు అక్కా అక్కా అన్నరు. నెల రోజులల్ల ఒత్తులు నేర్చుకున్నది. సాయంత్రం ఇంటికొచ్చి నాకు గూడ చెప్పేది. ఫోన్ల రాసుకుంట నేను అక్షరాలైతె కూడుకున్న, గని గిప్పుడు ఒత్తులు ఎట్ల రాస్తున్న అనుకున్నవు?

నువ్వు పది మందిని పంపి దాన్ని లేపినవు.

ఫిబ్రవరిల టీచరమ్మ రిజిస్టర్ సూసి అందర్ని ఐదో రూంల ఏసింది. ఆమెది తప్పు లేదు, కొత్తగొచ్చింది. ఒక్కొక్కల్ని నిలబెట్టి సదువుమన్నది. విజ్జి లేసింది. ఐదోది పుస్తకం తెరిసింది. తెరిసి, మూడోదాంట్లది నోటికొచ్చిన పాఠం గడగడ చెప్పింది. పుస్తకంల ఉన్నదొకటి, అది చెప్పేదొకటి. రూమంత నవ్విన్రట. టీచరమ్మ "కూసో" అన్నదట, గంతే. అది కూసున్నది. తెల్లారి నుంచి పోలే.

మూడు తరగతులు ఒక్క రూంల పెట్టుడు తప్పే. నేనేం మంచిదన్ననా? గని నువ్వు నన్నడిగినవు, సార్‌ను అడుగుమన్నవు, స్వరాజ్యం అత్తనడిగినవు, ఆగయ్య తాతనడిగినవు. విజ్జిని ఏమడిగినవు? పాఠం సదివి పంపుమన్నవు.

నువ్వనుకుంటవు నేను మషీన్ కోసం బడి ఇడిసిపెట్టిన్నని. అందరికి గట్లనే చెప్తవు, నా కొడుక్కు పని మీద ఇష్టమని. నాకు ఆరోదాంట్ల బోర్డు మీది అక్షరాలు కూడుకునుడు గూడ వస్తలేకుండె. సార్ పేరు పిలుస్తడేమో అని రోజు కడుపుల నొచ్చేది. మషీన్ అయితె సదువుమనది. గందుకు పొయ్యిన.

కోపంల రాసిన. అయినా తుడ్వ.

పరుశురాం


రామోజిపల్లె
మార్చి

పరుశురాంకు,

ముందుగాల నీ మీద వచ్చింది కోపం. అన్న, చెల్లె కల్సి నన్ను ఊరి ముందట పిస్సదాన్ని జేసిన్రు. ఆకిట్ల ఫోన్ పెట్టి అందర్ని పిలిచి ఇనిపిచ్చిన గదరా. ఒక్క మాట, "అమ్మా, అది ఉత్తదే" అనకపోతివి. నోరు లేదు నోరు లేదు అని ఎంత పని జేసినవు.

మీ బాపుకు ఎరుకేనా? ఎరుకే ఉంటది. పన్నడు పన్నట్టే ఉన్నడు.

ఇను. దాన్ని మళ్ల మూడోళ్లల్ల కూసుండబెట్టుమని అడుగుదామని నీ మనసుల ఉన్నట్టుంది. అది కాదు. ఐదుల ఉన్న పొల్లను మూడుకు దించుతరా? కులపోళ్లందరు సంఘంల కూసోని నవ్వరా? నేను ఏ మొఖం పెట్టుకోని ఆగయ్య మామతోని మాట్లాడాలె? మొన్నటిదాక నా బిడ్డ హుషారు, చిన్నోళ్లల్ల పాడైతుందని లొల్లి జేసింది నేనే.

మనోళ్లెవలన్న ఊరికొస్తుంటె ఎంట రైలెక్కియ్యి. ఈడ బడిల ఐదుల ఏస్త. పొద్దుమీకి నేనే కూసుండబెట్టుకోని చెప్త. ఏడోదిదాక సదివిన, ఆ మాత్రం రాదా నాకు?

స్వరాజ్యంకు చెప్పు, ఇంకొక్క చీర నా బిడ్డ చేతుల పెడ్తె ఆ చీర తోనే కట్టేసి కొడ్తనని.

మీ అమ్మ


సూరత్, లింబాయత్
మార్చి

అమ్మకు,

ఆడ ఐదోది, ఈడ ఐదోది. ఏ రైలెక్కిచ్చినా దిగినంక పుస్తకం గదే గదా? ఆడ గూడ నిలబెట్టి సదువుమంటరు. ఆడ గూడ నవ్వుతరు. ఆడనైతె చుట్టాలు నవ్వుతరు.

నేను సార్ కాడికి పొయ్యిన. ఈసారి గేటుకాడ ఆగలే. లోపటికి పొయ్యిన. పాళీ ఇడిసి గట్లనే పొయ్యిన, నెత్తి నిండ దూది పోగులే. మాటొచ్చింది నాకు.

"సార్, మా చెల్లె విజేతను మూడో లైన్లకెల్లి ఎందుకు లేపిన్రు?" అన్న.

సార్ నన్ను ఎగాదిగ జూసిండు. "నేను లేపిన్నా? మీరే లేపిచ్చి, మళ్ల మీరే వచ్చి అడుగుతరు. దాన్ని నేను కూసుండబెట్టలే తమ్మీ. అదే వచ్చింది. ఏందమ్మా నీ లైన్ అది కాదా అంటె, 'సార్, ఈడ నాకు సమజైతుంది' అన్నది. ఇగ ఏ సారైనా ఏమంటడు? ఉండనిచ్చిన. ఊరంత వచ్చి గొర్ల దొడ్డి అని ఒర్రినంక మా పెద్ద సార్ నన్ను పిలిచి, ఐదోళ్లు ఒక్కరు మూడోళ్లల్ల కనవడ్డా నీ పని చెప్త అన్నడు."

"గిప్పుడు తీసుకోండ్రి సార్" అన్న.

"తీసుకుంట. రేపు ఆగయ్య పది మందితోని మళ్లొస్తె? నువ్వొచ్చి నిలబడ్తవా నా ముందట? ఆయనను ఒప్పియ్యి. ఆయన పెద్ద సార్‌కు ఒక్క మాట చెప్తె సాలు. నాకేం, ఒక్కతి కాదు, ఎంత మందినైనా కూసుండబెట్టుకుంట."

నేను పొయ్యి ఆగయ్య తాతను అడుగుత. గని నేనడిగితె "మీ అమ్మ ఒకటంటది, నువ్వొకటంటవు, ఎవలి మాట ఇనాలె" అంటడు. నువ్వే చెప్పాలె. నా బిడ్డకు సదువరాదు మామా అని నీ నోటితోని చెప్పాలె. గా మాట నాకు గూడ చెప్పరాక గిన్ని నెలలు గడిసినయ్, అది ఎంత కష్టమో నాకెరుకే.

విజ్జి ఇయ్యాల గూడ రాళ్లే అతికిచ్చుకుంట కూసున్నది. స్వరాజ్యం అత్తకు నువ్వన్నది చెప్పిన. "మీ అమ్మను వచ్చి కొట్టుమను, అట్లన్న ఒకసారి సూస్త మొఖం" అన్నది. గని చీర గుంజుకున్నది. అది ఉత్త చేతులతోని కూసోని గోడ దిక్కు సూస్తుంది.

పరుశురాం


రామోజిపల్లె
మార్చి ఆఖరు

నాయిన పరుశురాంకు,

ఫోన్ జేసిన.

రెండు సార్లు కలిపి కట్ జేసిన. మూడోసారి బాపమ్మ నా చేతిలకెల్లి ఫోన్ గుంజుకోని "ఆగయ్యా, మంగ నీకేందో చెప్తదట ఇను" అని నా చెవుల పెట్టింది. ముసల్దానికి అన్ని ఇనవడ్తయి, మనకు చెవుడని చెప్తది.

నేను చెప్పిన. "మామా, నా బిడ్డకు సదువరాదు. మూడోళ్లల్ల కూసుంటెనే జర నేర్చుకున్నది. దాన్ని మళ్ల ఆడ్నే కూసుండబెట్టుమని నువ్వే చెప్పాలె."

ఆయన లేసిండు మీదికి. "తమాషనా మంగా? నీ కోసం పని బందు పెట్టిచ్చి పది మందిని తోల్కపొయ్యిన. సాహెబ్ ముందట బల్ల గుద్దిన. గిప్పుడు పొయ్యి కలుపుండ్రి అనాల్నా? సంఘం ఇజ్జత్ ఏం గావాలె?"

నాకు గూడ వచ్చింది. "సంఘం ఇజ్జత్ సల్లగుండ. నా బిడ్డ బ్యాగు ఏసుకోని రాళ్లతికిచ్చే పనికి పోతుంది మామా. నేను తెల్వక లొల్లి జేసిన. తెల్సినంక గూడ ఊకుంటె నేను తల్లినా?" అన్న. వాడకట్టుల ఇద్దరు ముగ్గురు ఆగి ఇన్నరు. ఇననియ్యి.

ఫోన్ కట్టయిందా అని మూడు సార్లు సూసుకున్న. తర్వాత ఆయన సిన్నగ అంటడు, "మొన్న దుకాణంల మా ఓంకార్ గాన్ని సంచి మీద ఏం రాసున్నదో సదువురా అన్న. 'తాతా, కండ్లద్దాలు ఇంట్ల మర్శిన' అన్నడు."

"అయితేంది మామా?" అన్న.

"వానికి అద్దాలే లేవు మంగా."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆయన గూడ గట్లనే ఉన్నడు. "నేను పెద్ద సార్‌తోని మాట్లాడ్త. ఓంకార్ గాన్ని గూడ ఆ లైన్ల పడెయ్యుమను. గని నేనడిగిన్నని ఎవలికి చెప్పకు" అన్నడు. నీకు చెప్తున్న. నువ్వెట్లాగు మాట్లాడవు.

శరం నాకొక్కదానికే అనుకున్న ఇన్ని దినాలు. ఎవలింట్ల వాళ్లు తలుపేసుకోని శరం పడ్డట్టున్నరు అందరు.

నీ సంగతి గూడ ఇన్న. ఆరోదాంట్ల కడుపుల నొస్తుందంటె వాము నమిలిపిచ్చి పంపేదాన్ని నిన్ను. వాము నమిలి పోయేటోనివి, మాట్లాడకుంట. దానికి నేనేం చెప్పాలె బిడ్డా.

విజ్జికి చెప్పు, వాయిస్ పంపుమని ఇంక నేనడగ. అది ఏ లైన్ల కూసుంటె గదే నా బిడ్డ లైను.

అమ్మ


సూరత్, లింబాయత్
ఏప్రిల్

అమ్మకు,

విజ్జి పోతుంది. మొదటి రోజు గేటు దాక వచ్చి నా అంగి ఇడ్వలే. లోపట మూడోళ్ల పోరగాండ్లు "అక్కొచ్చింది, అక్కొచ్చింది" అని ఒర్రిన్రు. గది ఇని ఇడిసింది. ఓంకార్ గాడు దాని పక్కనే కూసున్నడు. విజ్జి వాణ్ని "అద్దాలు తెచ్చుకున్నవా" అని అడిగింది. నేను చెప్పలే అమ్మా. నిజంగ. బాపు చెప్పినట్టుండు, నా ఫోన్ల నీ మెసేజ్ సదివి మస్తు నవ్విండు. తర్వాత లేసి మాతోని బడి దాక వచ్చిండు. లోపటికైతె రాలే. బయట బీడీ తాగిండు.

ఆగయ్య తాత ఎవలికి చెప్పద్దన్నడు గని ఆయన మాట్లాడినంక ఇంకా శానమంది అమ్మలు వచ్చిన్రు. మా వాణ్ని గూడ, మా పొల్లను గూడ అని. సగం మాటనే చెప్తరు, మిగిలిన సగం సార్ సమజ్ జేసుకుంటడు. సార్, టీచరమ్మ ఇద్దరు కల్సి ఇగ తరగతి పేరు తీసేసిన్రు రెండు గంటల కోసం. పొద్దుగాల సదువొచ్చినోళ్లు టీచరమ్మ రూంల, రానోళ్లు సార్ రూంల. ఐదోళ్లు అటున్నరు ఇటున్నరు. తర్వాత ఎవల తరగతికి వాళ్లు. పెద్ద సార్ గూడ సరే అన్నడు.

నువ్వు కొట్లాడకుంటె ఆ కొత్త టీచరమ్మ వచ్చేది కాదు. గది నిజమే. నేను కోపంల రాయలే గా మాట. గిప్పుడు రాస్తున్న.

గని నా కోపం పోలే అమ్మా. నీ మీద కాదు. ఐదోళ్లల్ల సార్ రూంల కూసున్నోళ్లే ఎక్కువున్నరు. గిన్ని దినాలు గా పిల్లలంత ఐదో పుస్తకం ముందట పెట్టుకోని, సదివినట్టు పెదవులు ఆడిచ్చుకుంట కూసున్నరు. పాస్ జేసినోళ్లు ఒక్కరు సూడలే. ఇంట్లోళ్లం మేము గూడ సూడలే. రిజిస్టర్‌ల మాత్రం అందరు ఐదే.

మన ఊరి బడిల గూడ అందర్ని గట్లనే పాస్ జేసిన్రు గదా. మన వాడకట్టుల ఐదోళ్లు ఉన్నరు గదా నీ కండ్ల ముందట్నే, పొద్దుగాల బ్యాగులేసుకోని పోతరు గదా. వాళ్లెన్నడు సూడని పేజీ ఒకటి తీసి చేతుల పెట్టి, గిది సదువు బిడ్డా అని ఎవలన్న అడిగిన్రా?

పరుశురాం